పీసు చల్లారేలోగా

ముందు ఇనుము చల్లారాలి. ఎవరెంత తొందరపడినా, గేటు దగ్గర ఎవరి కారు వచ్చి ఆగినా, ఇనుము మాత్రం తన తీరికలో తానే చల్లారుతుంది, దాన్ని బెదిరించి లాభం లేదు. సువర్ణ ఈ మాట మేనేజరు జయచంద్రకు ఎన్నిసార్లు చెప్పిందో, ఆయన అన్నిసార్లూ తల ఊపాడు, అన్నిసార్లూ మరిచిపోయాడు. ఇప్పుడే మిషను మీంచి దిగిన బ్రాకెట్ నల్ల గ్రానైట్ బల్ల మీద కూర్చుని ఉంది. కారు బ్రేకును పట్టుకుని ఉండే బ్రాకెట్, అరచేతి కంటే కాస్త పెద్దది, చుట్టూ బోల్టుల కోసం రంధ్రాలు. మిషను షాపులో ఒళ్ళు కాల్చుకున్న వేడి ఇంకా దానిలో ఉంది. వేలితో ముట్టుకుంటే తెలుస్తుంది, కానీ సువర్ణ ముట్టుకోదు, వేలి వేడి కూడా వేడే కదా. ఒక గంట ఈ చల్లటి గదిలో కూర్చుంటే అదే దారికొస్తుంది. ఆ గంటలో తను చేయాల్సిందల్లా కొలిచే యంత్రానికి కొలవడం నేర్పడం. అంతే. అంతే అనుకుంటే అంతే, కాదనుకుంటే కొండంత. సువర్ణ అంతే అనుకుంది, చున్నీని వెనక్కి ముడేసుకుని కంప్యూటరు ముందు కుర్చీ లాక్కుంది.

ఈ అద్దాల గదిని చూడ్డానికి నాయన ఒకసారి వచ్చాడు. ధర్మవరం నుంచి రెండు బస్సులు మారి, గోరంట్లలో దిగి, ఆటోలో ఫ్యాక్టరీ దాకా వచ్చి, లోపలికి అడుగు పెట్టగానే భుజం మీది తువ్వాలు తీసి ఒళ్ళంతా కప్పుకున్నాడు. "ఇనుముకు ఏసీ ఏందమ్మా, మాకు ఫ్యానుకే కరెంటు ఉండదే" అన్నాడు. నవ్వి అన్నాడు గానీ ఆ నవ్వులో కొంచెం కడుపుమంట కూడా ఉంది. ఉండదా మరి, నలభై ఏళ్ళు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని చెమటలో పట్టు నేసిన మనిషి. ఇనుము వేడికి ఉబ్బుతుంది నాయనా, ఉబ్బితే కొలత తప్పుతుంది అని చెప్తే, మనిషి ఉబ్బినా ఎవురూ కొలవరులే అన్నాడు. ఆ రోజు ఆయనకు క్యాంటీన్లో రాగిముద్ద పెట్టించింది. యంత్రం సంగతి మరిచిపోయాడు గానీ ఆ ముద్ద సంగతి ఇప్పటికీ వీధిలో అందరికీ చెప్తాడట. అద్దం బయట రామక్క నేల తుడుస్తోంది, తుడిచిన చోటే తుడుస్తోంది. అద్దానికి ఆవల షెడ్డు, షెడ్డుకు ఆవల ఎర్ర నేల, గుట్ట మీద గాలిమరలు, తిరిగితే తిరుగుతాయి లేకపోతే లేదు.

వాన పడటం వల్ల వచ్చిన తిప్పలు ఇవన్నీ. ఈ సీమలో వాన పడితే తిట్టుకున్న మనిషి తనొక్కతేనేమో. ఆయుధపూజ పండగకు ముందు, వేరుశెనగ చేలు మాడిపోయాయని అందరూ ఆశ వదులుకున్నాక, ఒక సాయంత్రం మబ్బు పట్టి, ఉరిమి, దంచి కొట్టింది. షాపులో వాళ్ళంతా మిషన్లు ఆపి బయటికి పోయి తడిశారు. రామక్క అయితే కొంగు పట్టి వాన నీళ్ళు పట్టుకుంది. ఆ ఉరుముల్లోనే ఒక పిడుగు ఎక్కడో లైను మీద పడి, ఈ గదిలో యంత్రాన్ని నడిపే కంట్రోలర్, బీరువా అంత పెట్టె, చిటుక్కుమని ఒక్క చప్పుడు చేసి చచ్చిపోయింది. కొత్తది తెచ్చి పండగ ముందు రోజు బిగించి పోయారు. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, కానీ దానికి ఏమీ తెలియదు. తన చెయ్యి ఎంత పొడవో తెలియదు, ఎంత జోరుగా పోవాలో, ఎక్కడ నెమ్మదించాలో, తగిలాక ఎంత వెనక్కి రావాలో తెలియదు. అవన్నీ చెప్పడానికి కంపెనీ మనిషి కిరణ్ బెంగళూరు నుంచి సోమవారం వస్తాడు. కస్టమర్లు మాత్రం సోమవారం దాకా ఆగేది లేదన్నారు, ఈ రోజు మధ్యాహ్నానికే వచ్చి మొదటి పీసును తమ కళ్ళ ముందు కొలిచి చూపించమన్నారు. చూపించలేకపోతే పీసు బెంగళూరు ల్యాబుకు పోతుంది. పోతే పోనీ అనుకోవడానికి లేదు, జయచంద్ర పొద్దున టీ తాగుతూ చల్లగా చెప్పాడు. "అట్లయితే ఈ రూముకు బెంగళూరు మనిషినే తెచ్చుకుంటాంలేమ్మా. నువ్వు మళ్ళా లైన్లో గేజి చూసుకుందువు." కోపంగా అని ఉంటే ఇంత మండేది కాదు. బిస్కెట్టు ముంచుకుంటూ అన్నాడు.

"నేను చేస్తా సార్," అంది సువర్ణ.

"అయితాదా?"

"అయితాది."

కాకపోవడానికి ఏముంది, ఈ గది గోడలు లేచేటప్పటి నుంచీ తను ఇక్కడే ఉంది. ముందు వేగం. చెయ్యి ఖాళీ గాలిలో పోయేటప్పుడు జోరుగా పోవచ్చు, పీసు దగ్గరికి రాగానే నెమ్మదించాలి, ఎంత దగ్గరికి వచ్చాక నెమ్మదించాలి అన్నదొక అంకె, నెమ్మదించాక ఎంత నెమ్మదిగా తాకాలి అన్నది ఇంకొక అంకె. కొత్త పెట్టెలో ఏవో అంకెలు వాళ్ళే వేసి పంపారు, అవి ఎవరికో సరిపోతాయి, తన యంత్రం చేతి కొసన పీసును తాకే పొడుగాటి ప్రోబ్‌కు సరిపోవు. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ వంటింట్లోంచి పరుగులాంటి నడకతో వచ్చేది, మంచం దగ్గరికి రాగానే అడుగు చప్పుడు ఆగిపోయేది, తర్వాత ఎప్పుడు వచ్చి ఆనిందో తెలియకుండా నుదుటి మీద చెయ్యి. ఆ చెయ్యి ఆని వెంటనే వెళ్ళిపోయేది, ఉంచితే చేతి చలువకు జ్వరం ఎంతో తెలియదనేది. యంత్రం కూడా అంతే చేయాలి, రావడం, ఆగినంత పని చేయడం, తగిలీ తగలనట్టు తగలడం, తగిలిందని తెలిసిన మరుక్షణం వెనక్కి. సువర్ణ అంకెలు ఒక్కొక్కటే కొట్టింది. తాకే వేగం తగ్గించింది, నెమ్మదించే దూరం కొంచెం పెంచింది, మీట పట్టుకుని చేతిని గాలిలో ఒకసారి అటూ ఇటూ నడిపి చూసింది. బాగుంది. ఇంకొంచెం తగ్గించింది. ఇప్పుడు ఇంకా బాగుంది.

తాకడం అంటే అమ్మే. ధర్మవరంలో జ్యోతిలక్ష్మి అంటే అచ్చు అతికే జ్యోతిలక్ష్మే. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తే కొత్త పడుగును దాని కొసలకు పోగు పోగునా అతకాలి, వేల పోగులు, రెండు కొసలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చిటికెడు బూడిద అద్ది ఒక్క మెలి. గట్టిగా మెలిపెడితే తెగుతుంది, వదులుగా పెడితే నేసేటప్పుడు ఊడుతుంది. ఎంత గట్టిగా మా అని అడిగితే ఎంతంటే అంత అనేది అమ్మ. అదీ ఒక జవాబే. ఇంతకీ అనంతపురం పాలిటెక్నిక్‌లో చదివింది ఏమిటి, ఇక్కడ చేస్తున్నది ఏమిటి అంటే, ఆ ఎంతంటే అంతకు ఒక అంకె వెతకడమే. అమ్మకు ఒకసారి ఫోన్లో ఈ ప్రోబ్ చూపించింది, సన్నటి కడ్డీ కొసన ఆవగింజంత కెంపు గుండు. నిజం కెంపేనా అని అడిగింది అమ్మ. నిజం కెంపేనమ్మా, కాకపోతే ఫ్యాక్టరీలో చేసిన కెంపు. ముక్కుపుడకకు బాగుంటాదే అంది, అంతకు మించి యంత్రం గురించి ఏమీ అడగలేదు. అయినా తర్వాత వారం ఫోన్ చేసినప్పుడు మొదటి మాట, నీ కెంపు బాగుండాదా. మనుషుల్ని అడిగినట్టే.

ప్రోబ్ బాగానే ఉంది. ఉండాల్సిన చోట ఉంది, సువర్ణ దాని పొడవు కొట్టింది, కెంపు గుండు అడ్డం ఎంతో దాని కాగితంలో ఉన్నదున్నట్టు కొట్టింది. ఇప్పుడా ప్రోబ్ ఒక చిన్న చిలిపితనం చేసింది, చేస్తుందని సువర్ణకు ముందే తెలుసు. పొడుగు కడ్డీ కాబట్టి చెయ్యి విసురుగా కదిలితే కొస ఊగుతుంది, ఊగితే ఏమీ తగలకపోయినా తగిలిందని కేక పెడుతుంది, గాలిని తాకానని చెప్పే యంత్రాన్ని ఏమనాలి. తగిలిందన్న కబురు రాగానే నమ్మకుండా, కొంచెం ఆగి, నిజమేనా అని మళ్ళీ అడిగి నమ్మమని కంట్రోలర్‌కు చెప్పే సెట్టింగు ఒకటి ఉంది, దాన్ని ఆన్ చేసింది, చెయ్యి కదిలే దూకుడు కూడా తగ్గించింది. అబద్ధపు కేకలు ఆగిపోయాయి. కిరణ్ అయితే దీనికే ఒక పూట తీసుకునేవాడు. పాపం, మంచి పిల్లోడే, రాయదుర్గం పిల్లోడు, వాళ్ళమ్మ ఇప్పటికీ అక్కడ జీన్సు ప్యాంట్లు కుడుతుంది, వీడు బెంగళూరులో లాప్‌టాప్ సంచీ తగిలించుకుని ఊరూరూ తిరుగుతాడు. తను ఇక్కడే ఉండి ఒక్క యంత్రాన్నే చూసుకుంటుంది కాబట్టి తనకు తెలిసింది, అందులో గొప్పేమీ లేదు. లేదా, కొంచెం ఉంది. ఉంటే ఏం.

ఇక మాస్టర్ బాల్. బల్ల మీద చిన్న స్టాండు మీద నిలబెట్టిన నున్నటి గోళం, పెద్ద గోలీకాయంత, ప్రపంచంలో ఏది గుండ్రం అని అడిగితే ఇది అని చూపించేటంత గుండ్రం. ప్రోబ్ దాన్ని నాలుగు పక్కల నుంచీ తాకి చూసి, తన కొస సరిగ్గా ఎక్కడుందో తెలుసుకుంటుంది. ప్రతి ఉదయం పని మొదలయ్యేది దానితోనే. సువర్ణ రోజూ రాగానే చెప్పులు గుమ్మం బయట విప్పి, మెత్తటి గుడ్డతో దాన్ని తుడిచి, ఆ తర్వాతే ఇంకేదైనా ముట్టుకుంటుంది. ఈ రోజు కూడా తుడిచింది, జయచంద్రతో ఫోనులో మాట్లాడుతూ తుడిచింది. ఇప్పుడు బటన్ నొక్కి చేతులు కట్టుకుంది. చెయ్యి లేచింది, కిందికి దిగింది, పై నుంచి బాల్‌ను తాకింది, టిక్, టిక్. ప్రోబ్‌ను పట్టుకున్న తల తిరిగింది, ఎడమ నుంచి, కుడి నుంచి, తలుపు వైపు నుంచి. అంకెలు వస్తున్నాయి, ఒకటి లోపల, ఒకటి, ఒకటిన్నర. మైక్రాన్లు. తల వెంట్రుకను నిలువునా ఎన్నో పాయలుగా చీలిస్తే అందులో ఒక పాయ. రెండు దాటకపోతే చాలు. తల మళ్ళీ తిరిగి గోడ వైపుకు పోయి, వెనక నుంచి తాకింది. పదకొండు.

పదకొండా. సువర్ణ తెర దగ్గరికి వంగి చూసింది. పదకొండే. సరే, కడ్డీ వదులై ఉంటుంది. చిన్న పిన్ను పెట్టి బిగించింది, మళ్ళీ పంపింది. పైన బాగుంది, పక్కల బాగుంది, వెనక పన్నెండు. అయితే కేబులా, కేబుల్ అయితే అన్ని వైపులా గోల చేయాలి కదా. తల వెనక్కి తిరిగినప్పుడు సరిగ్గా కూర్చోవడం లేదా, పిడుగు దానికి కూడా తగిలిందా. తగిలి ఉంటే అది తన చేతిలో లేదు, కొత్త తల తెప్పించాలి, అది వచ్చేలోగా బెంగళూరు మనిషి వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటాడు. ఆ కుర్చీ తనది, దాని ఎత్తు తనకు సరిపోయేలా పెట్టుకుంది. లైన్లో గేజి చూడ్డమంటే రోజంతా నిలబడి, పోతుంది పోదు, పోతుంది పోదు, ఒకే రంధ్రంలో ఒకే కడ్డీ దూర్చి తీయడం. అది తప్పు పని కాదు, రెండేళ్ళు చేసింది. కానీ అక్కడి నుంచి ఇక్కడికి వచ్చింది, మళ్ళీ అక్కడికి పోదు. పోదంతే. ఫోన్ తీసి కిరణ్‌కు చేసింది.

కిరణ్ అంతా విన్నాడు, అటువైపు ఏదో ట్రాఫిక్కు హోరు. "అక్కా, ఒక పని చేయి. లిమిట్ రెండు ఉండాది కదా, దాన్ని పదహైదు చేసేయి. పాస్ అయిపోతాది. కస్టమర్లు రిపోర్టు చూస్తారు గానీ ఆ సెట్టింగు యాడ చూస్తారు. సోమవారం నేనొచ్చి నిదానంగా చూస్తా."

వాడు చెడ్డవాడు కాదు, అందరూ చేసేదే చెప్పాడు. ఒక్క అంకె మార్చి ఒక్క బటన్ నొక్కితే ఎర్ర రంగు పోయి పచ్చ రంగు వస్తుంది. కట్టుకుంటే కనపడదులే. ఎవరి గొంతు అది, నాయన గొంతు. ఒకసారి పట్టుచీర నేస్తుంటే నడిమధ్యన పోగు తప్పింది, నాయన చూసుకోకుండా జానెడు నేసేశాడు, చూసుకున్నాక కట్టుకుంటే కుచ్చిళ్ళలో పోతాది, కనపడదులే అన్నాడు. అమ్మ చీర దగ్గరికి వచ్చి వేలితో రాసి చూసింది. కట్టుకున్నామెకు కనపడదు, నాకు కనపడ్తాది అని ఆ జానెడూ విప్పేసింది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలగలేదు, ఇద్దరూ చెరో మూలకు మొహం తిప్పుకుని కూర్చుంటే తను పక్కింట్లో అన్నం తిని వచ్చింది. నాయన చెప్పింది నిజమే, నిజంగానే కనపడేది కాదు. కానీ ఇది చీర కాదు. వెనక నుంచి తాకేటప్పుడు యంత్రం తన కొస ఎక్కడుందో తప్పుగా అనుకుంటే, వెనకవైపు రంధ్రాలన్నీ తప్పుగా చెప్తుంది, బాగున్నదాన్ని బాగాలేదంటుంది, బాగాలేనిదాన్ని బాగుందంటుంది. ఆ బ్రాకెట్ పట్టుకునేది బ్రేకును. ఎవరో ఎక్కడో ఘాట్ దిగుతూ కాలు నొక్కుతారు.

"నువ్వు సోమవారం వస్తావు, పీసు ఈ పొద్దే పోతాది కదప్పా," అంది. "లిమిట్ నేను ముట్టను. నాకు దొరుకుతాదిలే."

ఫోన్ పెట్టేసిన వెంటనే ఇంకో ఫోను, జయచంద్ర. "ఏమ్మా, ఏమన్నా అయిందా? కస్టమర్ల కార్లు చిలమత్తూరు దాటినాయంట." ఇంకా ఒకచోట తప్పు వస్తోందని చెప్పింది. ఆయన గొంతు పెంచాడు. "పండగ పూట రూములో ఎవురన్నా చెయ్యి పెట్టినారా? చెప్పు. ఎవురైనా సరే, ఈ పొద్దే గేటు బయట పెడ్తా." ఎవరూ పెట్టలేదు సార్ అంది సువర్ణ. నిజంగానే ఆమెకు అంతవరకే తెలుసు. ఆయుధపూజ రోజు షాపులో ప్రతి మిషనుకూ గంధం, కుంకుమ, నిమ్మకాయలు, గుమ్మడికాయ. ఈ గది దగ్గరికి వచ్చేసరికి తనే గుమ్మంలో అడ్డం నిలబడింది, లోపలికి పసుపు కుంకుమ వద్దు, గుమ్మానికి పూలు కట్టండి చాలు అంది. పూజారి మొహం మాడ్చుకున్నాడు, తను నవ్వి బంతిపూల దండ గుమ్మానికి కట్టింది. గదికి తాళం వేసి తాళం చెవి సంచీలో వేసుకుంది. ఇంకో తాళం చెవి తుడవడానికి రామక్క దగ్గర ఉంటుంది, అది ఎప్పుడూ ఉండేదే.

సరే, అరవడం వాళ్ళ పని, వెతకడం తన పని. కళ్ళు మూసుకుంది. పై నుంచి బాగుంది, పక్కల బాగుంది, ముందు నుంచి బాగుంది. ప్రోబ్ చెడితే అన్ని వైపులా చెడాలి, కంట్రోలర్ చెడితే అన్ని వైపులా చెడాలి. ఒక్క వైపే చెడిందంటే, తాకే చెయ్యి వెనక్కి తిరిగినప్పుడన్నా చెడుతోంది, లేదా తాకించుకునేది వెనకవైపు చెడింది. చెయ్యా, బాలా. తెలుసుకోవడం ఎంతసేపు. లేచి, స్టాండు మర వదులు చేసి, బాల్‌ను సగం చుట్టు తిప్పింది, గోడ వైపు ఉన్నది తలుపు వైపుకు వచ్చింది, మళ్ళీ బిగించింది. బటన్. టిక్, టిక్. గోడ వైపు, ఒకటి. తలుపు వైపు, పదకొండు. తప్పు బాల్‌తో పాటే తిరిగింది. సువర్ణకు గట్టిగా నవ్వొచ్చింది, ఒంటరిగా ఉండబట్టి నవ్వేసింది కూడా. చేతికి ఏమీ కాలేదు, ప్రోబ్‌కు ఏమీ కాలేదు, పిడుగు తన యంత్రాన్ని ముట్టుకోలేదు. టార్చి వేసి బాల్‌ను చూసింది, ఏమీ లేదు, తళతళ మెరుస్తోంది. ఇంకా వంగింది. కళ్ళకు కాదు, ముక్కుకు ముందు తెలిసింది. గంధం. స్పిరిట్‌లో తడిపిన గుడ్డ తీసి మెల్లగా రుద్ది చూస్తే గుడ్డ మీద పసుప్పచ్చగా ఒక చార, అంచున ఎర్రగా.

తలెత్తింది. అద్దం అవతల రామక్క తుడవడం ఆపేసింది. మాపు కర్ర పట్టుకుని ఇటే చూస్తోంది. సువర్ణ తలుపు తీసి పిలిచింది, మామూలుగానే పిలిచింది. రామక్క చెప్పులు విప్పి గుమ్మం దగ్గరే నిలబడింది, లోపలికి రాలేదు.

"రామక్కా, బాల్‌కు బొట్టు పెట్టినావా?"

రామక్క నేలకేసి చూసింది. "తుడిచేసినానే మేడమ్మా. ఈ పొద్దు రాంగానే కొంగుతో బాగా తుడిచినా. నువ్వు చూస్తే బాధపడ్తావని."

"మరి ఎందుకు పెట్టినావు, నేను వద్దని చెప్పినా కదా?"

"అన్ని మిషన్లకూ పెట్టినారు. ఇదొక్కటే బోసిగా ఉండె. నువ్వు పొద్దున్నే చెప్పులిడిసి, దాన్ని తుడిచి, దాన్ని ముట్టించినాకనే కదా పని మొదలుపెట్టేది. అదే దీని దేవుడు అనుకుంటి. ఎనకపక్క పెడితి, నీకు కనపడకుండా." ఆగింది. "పండగకు ముందు నుంచే క్యాంటీన్లో అనుకుంటాండ్రి, ఇది సరిగా కాకుంటే నిన్ను ఈ రూములోంచి తీసేస్తారని. నేనేం చేస్తా మేడమ్మా. మొక్కుకుంటి."

సువర్ణకు కోపం వచ్చింది, వచ్చిన కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఒక్క బొట్టు, ఎండిపోయి, కొంగుతో తుడిస్తే కంటికి కనపడకుండా పోయిన బొట్టు, దానికి తన కుర్చీ పోయేది. ఆ బొట్టు పెట్టిందే తన కుర్చీ పోకూడదని. ఈ రామక్క ఒకప్పుడు సరిగ్గా ఈ గది ఉన్న చోటే కూలికి శెనక్కాయలు పీకింది, ఫ్యాక్టరీ వచ్చాక అదే చోట నేల తుడుస్తోంది, ఇనుముకు ఏసీ ఎందుకని ఒక్కసారీ అడగలేదు, జ్వరం మంచం దగ్గరికి వచ్చిన అమ్మలా అలికిడి లేకుండా వచ్చి పోతుంది. తన కోసం ఈ ఫ్యాక్టరీలో దేవుణ్ణి వెతికిన మనిషి ఇంకొకరు లేరు. వెతికి వెతికి సరిగ్గా ముట్టుకోకూడని చోట పట్టుకుంది. తప్పు చోటని కూడా అనలేం, రోజూ తను చేసేది చూసే వెతికింది.

"లోపలికి రా," అంది. "చేతులు కడుక్కుని రా."

రామక్క వచ్చింది. సువర్ణ కొత్త గుడ్డ మడిచి, రెండు చుక్కల స్పిరిట్ వేసి, ఆమె చేతిలో పెట్టింది. ఇట్ల, గట్టిగా కాదు, ఒకే వైపు, కింద దాకా, వెనక్కి కూడా. రామక్క ఊపిరి బిగబట్టుకుని తుడిచింది, పసిబిడ్డ చెవి వెనక తుడిచినంత జాగ్రత్తగా. ఎంత గట్టిగా తుడవాల అని అడిగింది. ఎంతంటే అంత అనబోయి సువర్ణ ఆగింది, ఆమె వేళ్ళ మీద తన వేళ్ళు పెట్టి ఇంత అని ఒత్తి చూపించింది. తర్వాత బటన్ నొక్కింది. ఇద్దరూ నిలబడి చూశారు. పై నుంచి, ఎడమ నుంచి, కుడి నుంచి, గోడ వైపు నుంచి, చివరికి తలుపు వైపు నుంచి, బొట్టు ఉన్న చోట, టిక్. ఒకటి లోపల. అన్నీ పచ్చ.

"దేవుడు ఒప్పుకున్యాడా?" అంది రామక్క.

"ఒప్పుకున్యాడు. కుంకుమ ఉండాదా నీ దగ్గర?"

రామక్క అనుమానంగా చూసి, నడుము దగ్గర రొంటిలోంచి చిన్న కాగితం పొట్లం తీసింది. సువర్ణ బల్ల కింద ఇనుప కాలు చూపించింది. "ఇంగ మీదట ఈడ పెట్టు. ఈడ ఎంత పెద్దది పెట్టినా దీనికేమీ కాదు." రామక్క కింద కూర్చుని రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టింది, దణ్ణం పెట్టుకుంది, వేలికి అంటిన కుంకుమను ఏం చేయాలో తెలియక సువర్ణ మొహంకేసి చూసింది. సువర్ణ వంగింది. ఆ వేలు నుదుటికి వచ్చి, తగిలీ తగలనట్టు తగిలి, వెళ్ళిపోయింది. "ఇప్పుడు పోయి ఆ చెయ్యి కడుక్కో, మళ్ళా దేన్నీ ముట్టొద్దు" అంది సువర్ణ. రామక్క నవ్వి, మాపు కర్ర తీసుకుని బయటికి పోయింది.

జయచంద్ర కస్టమర్లు ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ళు చలికి చేతులు రుద్దుకుంటూ బ్రాకెట్ చుట్టూ తిరుగుతుంటే, ఆయన సువర్ణ పక్కకు జరిగి గొంతు తగ్గించాడు. తెర మీద పచ్చ రంగు చూశాడు, ఆమె నుదురు చూశాడు, బల్ల కాలు చూశాడు.

"ఏమైండె?"

"మాస్టర్ బాల్‌కు బొట్టు అంటుకునిండె సార్. తుడిచి మళ్ళా చేసినా."

"అంటే ఎవురో పెట్టినారు. ఎవురు పెట్టింది?"

అద్దం అవతల రామక్క తుడిచిన చోటే తుడుస్తోంది. సువర్ణ అటు చూడలేదు, జయచంద్ర మొహంలోకే చూసింది.

"అది నాకు పెట్టిన బొట్టు సార్. నాకు చేరింది," అని, కుర్చీ ముందుకు లాక్కుంది. "పీసు చల్లారింది. మొదలుపెడ్తా, కొంచెం జరగండి."

ఆయన జరిగాడు.